లంకలో వంట

"సత్యవాణీ, పెద్దిరాజు గారు నీ నవల చదివేశారట. అభిప్రాయం చెప్తారు, రా" అని హాల్లోంచి కేకేసిన ఉదయ్‌కుమార్, భార్య లేవగానే "ముందు ఆ రొయ్యల సంగతి చూడు" అని కూడా అన్నాడు. ఆమె మళ్ళీ పీట మీద కూర్చుంది. రొయ్యలు వలిచి వలిచి వేళ్ళ చివర్లు అప్పటికే మండుతున్నాయి.

రామచంద్రపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి వండి, అందరూ టీవీ ముందు చేరిన వేళల్లో డైనింగ్ టేబుల్ చివర కూర్చుని రాసింది ఆ నవల. పిక్నిక్‌కి బయల్దేరిన పిల్లల పడవ వరద గోదావరిలో తాడు తెగి, మనుషుల్లేని ఒక లంకకు కొట్టుకుపోతుంది. మొదట్లో వరస కట్టి అరటిపళ్ళు పంచుకున్న పిల్లలే ఆకలి ముదిరేకొద్దీ ముఠాలు కడతారు. బలమున్నవాడు ముందు తింటాడు. ఎదురుతిరిగినవాణ్ణి కొబ్బరితాడుతో చెట్టుకి కట్టేస్తారు. రాస్తున్నన్నాళ్ళూ "ఏంటి, ఇంకా ఒడ్డు చేరలేదా నీ పడవ?" అనేవాడు ఉదయ్‌. అత్తగారు శ్యామలాంబ అయితే "మగపిల్లల్ని రాక్షసుల్ని చేసి రాస్తోందటండి. ఇద్దరు పిల్లల తల్లి రాసే రాతలేనా ఇవి?" అని పక్కింటావిడతో, కోడలికి వినపడేలాగే అంది. సత్యవాణికి అంట్లు తోమడంలాగే ఆ మాటలు మింగడం కూడా రోజువారీ పనుల్లో కలిసిపోయింది.

చివరి అధ్యాయం ఒక్కటే కుదరలేదు. పెద్దవాళ్ళు పడవలో వస్తారు, పిల్లలు ఏడుస్తారు, అంతా సర్దుకుంటుంది. ఎన్నిసార్లు తిరగరాసినా చప్పగానే ఉంది.

నిడదవోలులో సాహిత్య సభలు నడిపే పెద్దిరాజు ఉదయ్‌కి స్నేహితుడు. భోజనం దగ్గర ఆయనే నవల మాట ఎత్తాడు.

"చాలా బావుందండీ మేడమ్. అందరూ మృగాలైపోయినా ఆ సారిక ఒక్కతే మారలేదు చూశారా! పదేళ్ళ పిల్ల. అందరికీ వండిపెట్టి మిగిలింది తింటుంది. సంస్కారం అంటే అదండీ."

"ఆడపిల్ల కదండీ" అన్నాడు ఉదయ్‌ రొయ్య నములుతూ. "ఎక్కడ పడేసినా ఇల్లు చేసేసుకుంటారు."

వడ్డిస్తున్న సత్యవాణి చెయ్యి ఆగిపోయింది. సారికని వండమన్నదెవరు? తను రాసిన పేజీలన్నీ మనసులోనే తిరగేసింది. ఎవరూ అడగలేదు. ఎవరూ కర్ర ఎత్తలేదు. పిల్లాణ్ణి చెట్టుకి కట్టే ఘట్టం రాసిన రాత్రి అన్నం సయించలేదు. ఈ పిల్ల గురించి మాత్రం 'సారిక పొయ్యి వెలిగించింది' అని ఒక్క ముక్క రాసి ముందుకి వెళ్ళిపోయింది. వాళ్ళకి తట్టలేదు సరే, రాసిన తనకెందుకు తట్టలేదు?

"నీళ్ళు!" అని అరిచాడు కొడుకు మణిదీప్. జగ్గు వాడి మోచేతి పక్కనే ఉంది. మగవాళ్ళ భోజనాలు అయ్యేదాకా ఆగాలని గోడవార నిలబడ్డ చెల్లెలు హేమశ్రీ పరుగున వచ్చి గ్లాసు నింపింది. నీళ్ళు కొంచెం ఒలికాయి. వాడు దాని మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు.

"కళ్ళు కనపడట్లేదా?"

అది అచ్చం ఉదయ్‌ గొంతు.

ఉదయ్‌ నవ్వాడు. "నీ నవల్లో నాయకుడు వీడేనేంటి?" పెద్దిరాజు కూడా నవ్వాడు. శ్యామలాంబ మనవరాలితో, "అన్నయ్య కంచంలో రొయ్యలైపోయాయి, చూడవే" అంది.

ఆ గదిలో ఇంతమంది పెద్దవాళ్ళున్నారు.

"వదలరా దాని చెయ్యి" అంది సత్యవాణి. ఆ గొంతు వాడికి కొత్త. వదిలేశాడు. ఆమె గిన్నె టేబుల్ మీద పెట్టేసి, ఉదయ్‌ పక్కన ఖాళీ కుర్చీ లాగి హేమశ్రీని కూర్చోబెట్టింది. రెండు కంచాలు తెచ్చి తనూ కూర్చుంది.

"ఏంటిది? ఇంటికొచ్చిన మనిషి తింటుంటే?" అన్నాడు ఉదయ్‌.

"గిన్నె అక్కడే ఉందండి. వడ్డించుకోండి."

పెద్దిరాజు తల వంచుకుని చారన్నం కలుపుకున్నాడు. శ్యామలాంబ విసవిసా లోపలికి వెళ్ళిపోయింది. అన్నం ముట్టుకోవడానికి భయపడుతున్న హేమశ్రీ కంచంలో సత్యవాణి రొయ్యలు వేసి, "తిను" అంది.

అతిథి గడప దాటగానే ఉదయ్‌ మొదలుపెట్టాడు. పరువన్నాడు, పొగరన్నాడు, రాతలు నెత్తికెక్కాయన్నాడు. అతను అంటూనే ఉన్నాడు. ఆమె లాప్‌టాప్ తెరిచి చివరి అధ్యాయం మొత్తం చెరిపేసి, కొత్తగా రాసింది:

'పడవలో వచ్చిన పెద్దలు చెట్టుకి కట్టిన పిల్లాణ్ణి విప్పారు. మిగతావాళ్ళని గట్టిగా మందలించారు. తర్వాత ఆకలేసి బారుగా కూర్చున్నారు. సారిక వాళ్ళకీ వడ్డించింది. అందులో వాళ్ళకి వింతగా ఏమీ కనిపించలేదు.'