పెనీనా కనుబొమలు

"జెల్లీ చల్లగా తగులుతుంది, అంతే. సూది లేదు, నొప్పి లేదు. బొమ్మ తీసేది శబ్దం. ఆ శబ్దం మన చెవికి అందదు."

పొద్దున్నుంచి పెనీనా ఈ మాటలు చెప్పడం ఇది తొమ్మిదోసారి. మోకాళ్లు సలుపుతున్నాయి. పిల్లల స్కాన్ గదిలో తెరమీద ఏది కాలేయమో, ఏది మూత్రపిండమో తల్లిదండ్రులకు చూపించడం పంతొమ్మిదేళ్లుగా ఆమె పని. అందులో జబ్బు ఉందో లేదో చెప్పడం మాత్రం డాక్టరు పని. అది రూలు.

రూలు నోటికే అనుకునేరు! సమోవాలో అవుననడానికి నోరెందుకు, కనుబొమలెత్తితే చాలు. కంగారుపడే తల్లులు తెరను చూడరు, ఆమె నుదుటినే చూస్తారు. అందుకే పాపం, కనుబొమలు కదపడమే మానుకుంది. ఇంట్లో మొగుడు "టారో దుంప ఉడికిందా?" అన్నా నోటితోనే జవాబు. వీధిలో ఆమె పేరు చెక్కమొహం.

పన్నెండింటికి సవాయీ ద్వీపం నుంచి వచ్చిన ఇయోసెఫో, నాలుగేళ్ల కూతురు లుపేను బల్లమీద పడుకోబెట్టాడు. పొట్ట ఎడమ పక్క ఉబ్బి గౌను గుండీ పట్టడం లేదు. స్కాన్ తీసే తిరేసా పిల్ల పొట్టమీద యంత్రం కదిపింది. మూత్రపిండం ఉండాల్సిన చోట పిడికిలి కన్నా పెద్ద ముద్ద. పెనీనా ఇలాంటివి ఇదివరకు నాలుగు చూసింది.

"డాక్టరుగారు ఆపరేషన్లో ఉన్నారు, నాలుగింటికొస్తారు. ఉండు నాయనా," అంది పెనీనా.

"రెండింటికి పడవుందమ్మా. మా అమ్మ చెయ్యి మంచిది. నాలుగు రోజులు గట్టిగా పిసికితే ఈ గడ్డ కరిగిపోద్ది."

పిసికితే ఆ ముద్ద చిట్లుతుంది, క్యాన్సరైతే ఒళ్లంతా పాకుతుంది. పెనీనా చెయ్యి అడ్డం పెట్టింది.

"పొట్ట ముట్టుకోకు. డాక్టరుగారు చెప్పేదాకా అస్సలు ముట్టుకోకు."

"మీరంతా ఇంతే! ఆగు, ఆగు అంటారు. ఎందుకో ఒక్కరూ చెప్పరు." పిల్లను భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "సూటిగా అడుగుతున్నానమ్మా. పడవ వదిలేసుకోవాల్సినంత ఉందా?"

పెనీనా కనుబొమలెత్తింది. ఎక్కడ చూడకుండా పోతాడోనని, దించకుండా అలాగే ఉంచింది.

ఇయోసెఫో గోడవారనున్న కుర్చీలో కూలబడ్డాడు. లుపే అతని చెవి లాగుతూ ఆడుకుంది. రెండు దాటింది, పడవ వెళ్లిపోయింది. నాలుగింటికి డాక్టరు వచ్చి ఆ ముద్ద సంగతి చెప్పి, న్యూజిలాండ్‌లో ఆపరేషన్ చేయించాలన్నాడు. తండ్రీకూతుళ్లు అతని వెంట వార్డుకు వెళ్లారు.

"పిన్నీ, నేను చూశాను," అంది తిరేసా తల వంచుకుని. "పైవాళ్లకు చెప్పకపోతే నా ఉద్యోగం పోద్ది."

"చెప్పు తల్లీ, నిన్నేమీ అనుకోను. నాకిక ఓపిక లేదు. రేపట్నుంచి రాను."

పెనీనా ఏప్రన్ విప్పి, మడతపెట్టి బల్లమీద ఉంచింది. ఏడుపేమీ రాలేదు. మోకాళ్లు పట్టుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయింది.

తిరేసా గది సర్దడానికి లేచింది. ఇయోసెఫో కూర్చున్న కుర్చీలో కొబ్బరినూనె సీసా ఒకటి ఉంది. దారిపొడుగునా పిల్ల పొట్టకు రుద్దమని అతని అమ్మ అరిటాకు చుట్టి ఇచ్చిన సీసా, మూత బిగించి, సగానికి పైగా నూనెతో.