తువ్వాల కింది చెయ్యి

మా సంతలో ఎండ గురించి మాట్లాడమంటే ఒక్కొక్కడూ గంట మాట్లాడతాడు. "అబ్బబ్బ, ఏం ఎండరా నాయనా, మా చిన్నప్పుడు గిట్ల లేకుండె" అనుకుంటూ నా పందిరి కింద నిలబడి రెండు గ్లాసుల మజ్జిగ తాగుతారు. మరి ఏం చేద్దామయ్యా అని అడిగితే మూతి తుడుచుకుని పోతారు. నా పేరు ధనలక్ష్మి. అమరచింత నుంచి వచ్చే రోడ్డు మీద, మంగళవారం పశువుల సంత గేటు పక్కన మజ్జిగ, చాయ అమ్ముతాను. నోటి దురుసుదాన్నని పేరుంది, ఉండనీ.

పెబ్బేరు సంతంత పెద్దది కాదు మాది. అయినా రాయచూరు వైపు నుంచి లారీలొస్తాయి. అవి వచ్చేసరికి తొమ్మిది దాటుతుంది. అంతవరకు ఒక్క బేరం కదలదు. కాబట్టి మే నెలలో మనిషిని మాడ్చే పదకొండు, పన్నెండు గంటలప్పుడే మా సంత నిండుగా ఉంటుంది. గేటు బయట వేపచెట్లుండేవి, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టేశారు. బదులు నాటిన మొక్కల్ని మేకలు తిన్నాయి. ఇప్పుడు నీడ అంటే ఆఫీసు వరండా, నా తాటాకు పందిరి, అంతే.

పోయినేడు ఎండాకాలం మా అన్న నాగప్ప ఈ సంతలోనే కళ్లు తిరిగి పడ్డాడు. ఆయుష్షుండి బతికాడు. అతన్ని చూసిన డాక్టరమ్మ సౌందర్య నన్ను పక్కకు పిలిచి చెప్పింది: "అమ్మా, మీ అన్నకు ఒకసారి వడదెబ్బ తగిలింది. ఇంకోసారి తగిలితే మా చేతుల్లో ఉండదు. ఎండలోకి పంపకండి." అంతటితో ఊరుకోలేదు ఆ పిల్ల. సంత కమిటీ మీటింగుకు తనే వచ్చింది. ఈ ఎండలు ఒక్క ఏడుతో పోయేవి కావు, ఏటేటా ముదురుతాయి, రాత్రుళ్లు కూడా చల్లబడటం లేదు చూడండి, సంతను తెల్లవారుజామున మొదలుపెట్టి తొమ్మిదికల్లా ముగించండి, కనీసం రేకుల షెడ్డన్నా వేయండి అని బతిమాలినట్టే చెప్పింది.

"మేడం చెప్పింది వంద శాతం కరెక్టు" అన్నాడు సంత ఛైర్మన్ శేఖర్. అందరూ చప్పట్లు కొట్టారు. నా మజ్జిగే తాగారు, ఫొటోలు దిగారు. తర్వాత నేను గుర్తుచేసినప్పుడల్లా శేఖర్ "పైకి రాసినమక్కా, రావాలె" అనేవాడు. పైన ఎవరున్నారో, ఏం రావాలో నాకు తెలియదు. వానాకాలం రాగానే అందరూ మరిచిపోయారు. ఆ వానలన్నా సరిగ్గా పడ్డాయా అంటే అదీ లేదు. విత్తనాలు వేసినాక నెల ఎండబెట్టి, కోతలప్పుడు కుమ్మరించాయి. గడ్డి కుళ్లింది. ఎండాకాలానికి మా అన్న బోరు కూడా ఎత్తిపోయింది.

ఈ మేలో ఒక మంగళవారం అన్న తన ఎద్దుల జతను తోలుకుని గేటు దగ్గర దిగాడు. గ్లాసు కింద పెట్టేసి ఎదురుపోయాను.

"నీకేమన్న పిచ్చి పట్టిందా అన్నా? డాక్టరమ్మ ఏం జెప్పింది?"

"వాములో గడ్డి లేదు చెల్లె. వాటి మొఖం జూస్తే ముద్ద దిగుతలేదు నాకు. ఎవడన్న సాదుకుంటడు, అమ్ముకొని పోత."

"సరే, పగ్గాలు నాకియ్యి. నువ్వు పందిట్ల కూసో. బేరం కుదిరినంక పిలుస్త."

"యజమాని పక్కన నిలబడని ఎద్దును ఎవడు కొంటడే? తన్నుతదో, కూలబడ్తదో, ఏదో ఐబు ఉందంటరు" అని నవ్వాడు. మా దగ్గర పద్ధతి అదే. అమ్మేవాడు పగ్గం పట్టుకుని పశువు పక్కనే నిలబడాలి. నీడకు పోయి కూర్చుంటే ఎద్దులో లోపముందనో, మనిషి గరజు మీదున్నాడు, ఎంతకైనా ఇచ్చేస్తాడనో లెక్క. అన్న వరుసలో పోయి నిలబడ్డాడు. రెండుసార్లు నీళ్లిచ్చి వచ్చాను. తల మీద తువ్వాల తడిపి వేశాను. అది నేను పందిట్లోకి వచ్చేలోపలే ఎండిపోయింది.

పదకొండు దాటాక దళారి లక్ష్మణ్ ఒక రాయచూరు వ్యాపారిని వెంటబెట్టుకుని వచ్చాడు. మా సంతలో ధర నోటితో చెప్పరు. దళారి అమ్మేవాడి చేతిని పట్టుకుని, పైన తువ్వాల కప్పి, వేళ్లు నొక్కి చెబుతాడు. తర్వాత ఇంకో చేత్తో కొనేవాడి చేతిని పట్టుకుంటాడు. బేరం తేలేదాకా అమ్మేవాడు చేతిని వెనక్కి తీసుకోకూడదు. తీసుకుంటే బేరం విరిగినట్టే. లక్ష్మణ్ పాతికేళ్లుగా ఈ పనిలో ఉన్నాడు. మనిషి మొహం అబద్ధమాడుతుంది గాని చెయ్యి అబద్ధమాడదని గొప్పలు చెప్పుకుంటాడు.

అన్న ఒక చేతిలో పగ్గాలు. ఇంకో చెయ్యి తువ్వాల కింద. ఎంతసేపటికీ తేలడం లేదు. వ్యాపారి తల అడ్డంగా ఊపుతున్నాడు, లక్ష్మణ్ ఇటూ అటూ తిరుగుతున్నాడు. అన్న మొహం ఎర్రగా కందిపోయింది. చెమట మాత్రం లేదు. నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని ఉరికాను.

"తాగు."

"చేతులు ఖాళీ లేవు. ఉండు."

"గ్లాసు నేను పడ్త, నోరు తెరువు" అని గ్లాసు అతని పెదాలకు ఆనించాను.

చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. "నాగన్నకు పాలు పడ్తుంది రా చెల్లె!" అన్నాడెవడో. అన్న మొహం తిప్పేసుకున్నాడు.

"నలుగుర్ల ఇజ్జత్ తీస్తవా? పో అవతలికి!"

"లక్ష్మణా, ఇడువయ్యా ఆ చెయ్యి!" అని అరిచాను.

"అయిపోయిందక్కా, ఒక్క నిమిషం" అన్నాడు లక్ష్మణ్. వ్యాపారి వైపు వంగి చెవిలో ఏదో ఊదాడు. ఆ వ్యాపారి ఇంకాస్త బిగుసుకున్నాడు. నా పందిరి దగ్గర ఎవడో చాయ కోసం అరుస్తుంటే వెనక్కి తిరిగాను. నాలుగడుగులు వేశానో లేదో, సంత ఒక్కసారిగా కలకలమంది. అన్న ఎద్దుల కాళ్ల మధ్య పడి ఉన్నాడు. తువ్వాల లక్ష్మణ్ చేతిలో ఉంది.

వనపర్తి దవాఖాన చేరకముందే ఆటోలో, నా ఒడిలోనే పోయాడు మా అన్న. ఒళ్లు పొయ్యి మీది పెనంలా కాలుతూనే ఉంది. నేను ఎన్ని నీళ్లు పోశానో, ఎంత ఏడ్చానో, దేవుళ్లనూ మనుషులనూ ఎన్ని తిట్టానో నాకే గుర్తులేదు.

సాయంత్రం లక్ష్మణ్ ఇంటికొచ్చి గడప దగ్గర కూలబడ్డాడు. "అన్న చెయ్యి వణికిందక్కా. ధర దిగుతుండనుకున్న. ఇంకజర ఆగుండ్రి, ఇంకా దిగుతడని ఆయనకు జెప్పిన" అని రెండు చేతులతో తల బాదుకున్నాడు. కొట్టాలనిపించింది. కొట్టలేకపోయాను. పాతికేళ్లలో వణికిన ప్రతి చేతికీ అదే అర్థం చూసినవాడు ఈ ఒక్క చేతికి వేరే అర్థం ఎట్లా చూస్తాడు? శేఖర్ మాత్రం ఊరంతా "ఎండకు గాదు, ముందునుంచే గుండె కమ్జోరు" అని చెప్పుకుంటూ తిరిగాడు.

దినాలైపోయిన తర్వాతి మంగళవారం సంతకు ఒక నాయకుడొచ్చాడు. కారు ఏసీ ఆపకుండానే వరండా నీడలో మైకు పట్టుకున్నాడు. "ఎండలు ప్రపంచమంతట ముదురుతున్నయి. పెద్ద పెద్ద దేశాలే ఏం జేయలేక పరేషాన్ అయితున్నయి" అన్నాడు.

నాకు మండింది. "సంత పొద్దుగాల పెట్టనీకి పెద్ద దేశాలను అడగాల్నా సారూ? మీరు ఊ అంటే అయితది గదా!"

శేఖర్ నా మీదికి వచ్చాడు. నాయకుడు అతన్ని ఆపి, తీపిగా నవ్వాడు. "అక్క మాట కరెక్టే. ప్రజలే చెప్పాలె. వచ్చే వారం నుంచి తెల్లారంగనే సంత కావాలనేటోళ్లు చేతులెత్తుండ్రి. ఇప్పుడే రాయిస్త."

నేను ఎత్తాను. చుట్టూ చూశాను. లారీలవాళ్లు నేలచూపులు చూస్తున్నారు. "అంత పొద్దుగాల మా దోసెలు ఎవరు తింటరు?" అన్నాడు హోటలాయన. "రాత్రంత తోలుకొని రావాల్నా?" అన్నారు రైతులు. అన్న పక్కన నిలబడి నవ్వినవాళ్లు, పాడె మోసినవాళ్లు, అందరూ ఉన్నారు. ఒక్క చెయ్యి లేవలేదు. లక్ష్మణ్ కూడా ఎత్తలేదు.

అప్పుడు గుంపు చివర మా వదిన తిమ్మమ్మ కనిపించింది. బోసి నుదురుతో, చేతిలో ఆ అమ్ముడుపోని ఎద్దుల పగ్గాలతో నిలబడి ఉంది. ఇంకో చెయ్యి ఖాళీగానే ఉంది. అది లేపితే చాలు, సంతంతా సిగ్గుపడి లేపుతుందనిపించింది.

"వదినా, ఎత్తు!" అని అరిచాను.

ఎత్తలేదు. నాయకుడు "ప్రజల ఇష్టం" అని కారెక్కాడు. నేను ఉరికి వదిన భుజం పట్టుకుని ఊపాను.

"నీ మొగుడే సచ్చిండు గదా! నీకన్న ఎత్తబుద్ధి కాలేదా?"

"పొద్దుగాల పెడ్తే రాయచూరు బండ్లు వస్తయా ధనమ్మా?" అంది వదిన మెల్లగా. "రాకుంటే ఇవి ఎవరు కొంటరు? వాములో పరక లేదు."

మజ్జిగ తెచ్చి ఇచ్చాను. నిలబడే తాగి, గ్లాసు నా చేతిలో పెట్టింది. పదకొండు కావస్తోంది. "జరసేపు పందిట్ల కూసో వదినా" అన్నాను.

"నేను పక్కన లేకుంటే ఎద్దులకు ఐబు ఉందంటరే" అని కొంగు తల మీదికి లాక్కుని, జతను తోలుకుని ఎండలో వరుసలోకి పోయి నిలబడింది.