బెంచీ మీద సగం చోటు

కుర్చీ చేతిని గరుకు కాగితంతో మరోసారి రుద్ది, వడ్రంగి కళ్లు మూసుకుని వేలికొసలతో తడిమాడు. కంటికి కనిపించని పేడు వేలికి దొరుకుతుంది. దొరకలేదు. అయినా ఇంకోసారి రుద్దాడు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలు చదివే ఆ బడిలో అతనిది ఇరవై రెండేళ్ల కొలువు. తలుపు గడియ బాగుచేయడానికి ఒక పూట పనికని వచ్చినవాడు, మెడ నిలవని పిల్లలు చాపల మీద పడుకుని పాఠం వినడం చూసి, మర్నాడు పిలవకుండానే మళ్లీ వచ్చాడు. అప్పటినుంచి నడుము నిలవని వాళ్లకు నడుమై, పాదం ఆనని వాళ్లకు నేలై, ఒక్కొక్కరికీ ఒక్కొక్క కుర్చీ చేస్తూనే ఉన్నాడు. తను మాత్రం బోర్లించిన డబ్బా మీద కూర్చుంటాడు.

"ఊరందరినీ కూర్చోబెడతావు. మనింటి కిటికీ రెక్క ఊడి మూడేళ్లయింది, దాని ఊసే ఎత్తవు," అని భార్య రోజూ దెప్పుతుంది.

ఇవాళ్టి కుర్చీ గువ్వది. ఎనిమిదేళ్ల ఆ పిల్లకు నడుము నిలవదు. మాట ఒక్కొక్కటిగా పెగులుతుంది. లెక్కలైతే ఇట్టే తేల్చేస్తుంది. ఇక్కడ నేర్పడానికి ఇంకేమీ మిగల్లేదని, టీచర్లే ఆమెను వీధి చివరి మామూలు బడికి పంపుతున్నారు. తరగతిలో అందరితోపాటు కూర్చోగలిగితేనే చేర్చుకుంటానన్నాడు అక్కడి హెడ్మాస్టరు. అందుకే మూడు వారాలుగా వడ్రంగి ఈ కుర్చీని కన్నబిడ్డలా సాకాడు.

మొదటి గంట కొట్టకముందే దాన్ని భుజాన వేసుకుని బయలుదేరాడు. వెనకే గువ్వను ఎత్తుకుని వాళ్లమ్మ. తరగతి గుమ్మంలో అతని కాళ్లు ఆగిపోయాయి. గది నిండా ఇద్దరిద్దరు కూర్చునే బెంచీలు. మధ్య దారి మూరెడు. తన కుర్చీ మూరన్నర.

ఎవరి కుర్చీ వాళ్లదే అయిన చోట ఇన్నేళ్లు పనిచేసినవాడికి, పిల్ల నడుమును వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచినవాడికి, గదిని కొలవాలన్న ఊహే రాలేదు.

"కుర్చీ సింహాసనంలా ఉంది మేస్త్రీ," అన్నాడు హెడ్మాస్టరు, నొప్పించకూడదనే. "కానీ పెట్టేదెక్కడ? తలుపు పక్కన విడిగా వేద్దామా? అదీ కుదరకపోతే... మీ బడే నయమేమో చూడండి."

వాళ్లమ్మ గువ్వను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"నాకు... బెంచీ... కావాలి," అంది గువ్వ.

"నా పక్కన ఖాళీ ఉంది సార్," రెండో వరుసలోంచి లేచింది రెండు జడల పిల్ల. "కాకపోతే మోచేత్తో పొడవకూడదు."

"పొడుస్తా," అంది గువ్వ. తరగతంతా గొల్లున నవ్వింది.

"మరి ఈ కుర్చీని ఏం చెయ్యమంటావే తల్లీ?" అన్నాడు వడ్రంగి.

"నువ్వే... కూర్చో... తాతా."

అతనికి వెంటనే నవ్వు రాలేదు. నునుపుదేరిన కొయ్య మీద ఒకసారి అరచెయ్యి ఆనించాడు. తర్వాత వెంట తెచ్చుకున్న పనిముట్ల సంచిలోంచి రంపం తీశాడు.

"అయ్యో, అంత కష్టపడి చేసింది కోసేస్తారా?" అంది వాళ్లమ్మ.

"కుర్చీ నాదేనండీ. కూర్చునేది ఆవిడ."

వరండాలో పొట్టు రాలింది. చేతులు ఊడాయి, కాళ్లు తెగాయి. మిగిలిన వీపు పలకను, నడుము పటకాను, పాదాల పలకను బెంచీ సగానికి మరలతో బిగించి, బలంకొద్దీ ఊపి చూశాడు. కదల్లేదు. గువ్వను కూర్చోబెట్టాడు. పాదాలు ఆనాయి. భుజాలు లేచాయి.

టీచరు హాజరు పిలిచింది. అందరి పేర్లూ అయ్యాక, రిజిస్టరులో లేని పేరొకటి తలెత్తి పిలిచింది. గువ్వ పెదవులు బిగిశాయి, మెడ పక్కకు లాగింది, మాట రాలేదు. ఆమె బదులు ఎవరూ పలకలేదు. నలభైమంది పిల్లలు ఎదురుచూశారు.

"ఉ...న్నా...ను."

హెడ్మాస్టరు జేబులోంచి కలం తీసి, రిజిస్టరులో ఆ పేరు తానే రాశాడు.

వడ్రంగికి తను బెత్తెడు పొడుగు పెరిగినట్టనిపించింది. వెళ్లొస్తానని చెబుదామని కిటికీ దగ్గర నిలబడ్డాడు. గువ్వ చూడలేదు. మోచేతుల హద్దు గురించి రెండు జడల పిల్లతో పోట్లాటలో ఉంది. అతను పిలవలేదు. గేటు దాటుతూ, ఎదురొచ్చిన పోస్టుమాన్‌తో, అడక్కపోయినా, "మా అమ్మాయిది రెండో వరుస," అన్నాడు.

వరండా ఓరన, రంపం పొట్టులో, కోసిన నాలుగు కాళ్లు ఉండిపోయాయి. చప్పుడు కాకుండా వాటి అడుగున తొడిగిన రబ్బరు బిళ్లలకు నేల మట్టి ఇంకా అంటనేలేదు.