చివరి ప్యాచ్ పేరు

మూడున్నరకు అత్తయ్యను డయాలసిస్ యంత్రానికి కలపాలి. మూడుంబావు అయింది. ప్రోగ్రామర్ కుర్చీలోంచి లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది.

ఆ యంత్రపు సాఫ్ట్‌వేర్ రాసిన నలుగురిలో ఆమె ఒకతె. గొట్టంలో గాలి బుడగ కనబడితే అలారం మోగించే భాగంలో పోయిన నెల ఒక తప్పు దొరికింది. దాన్ని సరిదిద్దే ప్యాచ్ రాసింది ఆమే. వారి పనిలో ప్రతి మార్పూ అలా విడి ప్యాచ్‌గానే పుడుతుంది. ఎవరికి కావలసినవి వారు, ఏ వరుసలోనైనా కలుపుకోవచ్చు. కానీ నోటి అలవాటు వేరు. చివర కలిసిన ప్యాచ్ పేరే వెర్షన్ పేరుగా చలామణీ అవుతుంది.

ఆసుపత్రిలో యంత్రాలు చూసుకునేది బావ, అత్తయ్య కొడుకే. యంత్రంలో ఉన్న వెర్షన్ పేరు పొద్దున ఫోన్లో చదివాడు: “పెద్ద అక్షరాలు.” ఆమె తెరపైనా చివర ఉన్నది అదే. “అయితే సరిపోయింది” అనేసింది.

ఇప్పుడు గుర్తొచ్చింది. తెర మీద అంకెలు ఆనడం లేదని నర్సులు గోల పెడితే, ఆ ఒక్క ప్యాచ్‌నే విడిగా అక్కడికి పంపింది తానే. చివరిది ఒకటైనంత మాత్రాన వెనకున్నవన్నీ ఒకటేనా?

ఫోన్ చేసింది.

“ఏం మరదలా, పొద్దున్నుంచీ ఇది రెండోసారి. నామీద బెంగా?”

“నీమీద కాదులే. అత్తయ్యను కలిపారా?”

“ఇంకా లేదు, సూది సిద్ధం చేస్తున్నారు.”

“ఆపించు బావా. పేరు కింద ముద్ర ఉంటుంది, అది చదువు.”

ముద్ర అంటే యంత్రంలోని ప్యాచ్‌లన్నిటినీ కలిపి లెక్కగట్టిన అక్షరాల, అంకెల గుత్తి. వరుస మారినా అది మారదు. ఒక్క ప్యాచ్ తగ్గినా మారిపోతుంది.

“కె, ఏడు, ఎమ్...”

ఆమె తెరపై మొదటి అక్షరమే వేరు.

“బుడగ ప్యాచ్ అక్కడ లేదు బావా. పొద్దున తప్పు చెప్పాను.”

అవతల దూరంగా బావ గొంతు: “అమ్మా, ఇంకాస్త ఆగాలి.”

“ఎవర్రా, నా మేనకోడలేనా? అది పుట్టడమే పది రోజులు ఆలస్యం” అంది అత్తయ్య.

ఆమె ప్యాచ్ పంపింది. బావ దాన్ని యంత్రంలో కలిపాడు, పరీక్షకని సెలైన్ గొట్టంలో బుడగ ఒకటి వదిలాడు. ఫోన్లోంచి అలారం మోత వినబడింది.

“చివరి పేరు ఇప్పుడు వేరేగా ఉందే, పర్లేదా?”

“ఉండనీ. ముద్ర చదువు.”

చదివాడు. మొదటి నుంచి చివరి దాకా కలిసింది. ఆమె మాత్రం కూర్చోలేదు.

“ఇంకొక్కసారి బావా. నెమ్మదిగా.”

అతను నిట్టూర్చి మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరం మీదా వేలు ఆనించి, ఆమె అతని వెంట నడిచింది.