పదమూడు తర్వాత ఒకటి

నా పనిబల్ల సొరుగులో జానెడు దారం ముక్క ఒకటుంది. దాన్ని పారేయడానికి ధైర్యం చాలదు, ముట్టుకోవడానికీ చాలదు. దాని సంగతి చెప్పాలంటే ముందు నా నోటి సంగతి చెప్పాలి.

నాకు నోటి దురద ఎక్కువ. నలభై ఏళ్ళుగా బూట్లు కుడుతున్నాను. ఆ నలభై ఏళ్ళూ దుకాణంలో అడుగుపెట్టిన ప్రతివాళ్ళకీ ఒకటే ఉపన్యాసం.

"మనిషి బతుకులో సుఖమెక్కడుందో నన్నడగండి," అనేవాణ్ణి. "పిల్లల బూట్ల సైజులు పదమూడు దాకా వెళ్తాయి. ఆ తర్వాత పద్నాలుగు లేదు. మళ్ళీ ఒకటి! అక్కణ్ణుంచి పెద్దల నంబర్లు. ఎందుకో తెలుసా? పదమూడుతో సుఖం సరి. ఒకటి నుంచి బాధలు మొదలు."

జనం పడీ పడీ నవ్వేవారు. పక్క వీధిలో ఉండే రిటైరైన టీచరమ్మ మాత్రం "నిజమేనండీ, ఆ రోజులు మళ్ళీ రమ్మంటే వస్తాయా" అని నిట్టూర్చేది. కాదన్నవాళ్ళు ఒక్కరూ లేరు. దాంతో నేనేదో వేదాంతం కనిపెట్టినట్టు పొంగిపోయేవాణ్ణి.

మా మనవరాలికి ఏడేళ్ళు. పిచిక అని పిలుస్తాం, ఒక్కచోట కుదురుగా ఉండదు కాబట్టి. వాళ్ళమ్మ, అంటే మా అమ్మాయి, సిటీ బస్సు నడుపుతుంది. అల్లుడు ఓడల మీద పని, ఏడాదికి రెండుసార్లు కనిపిస్తాడు. అందుకని బడి వదిలాక వాళ్ళమ్మ డ్యూటీ దిగేదాకా పిచిక నా దగ్గరే. పాదం ఆకారపు కొయ్య అచ్చులు పెట్టిన అరల కింద చిన్న స్టూలు వేసుకుని పాత లేసులు రంగులవారీగా ముడులు వేస్తూ ఉంటుంది. నా ఉపన్యాసం వింటోందని నాకెప్పుడూ తట్టలేదు. పిల్ల చెవులు ఎక్కడికి పోతాయి?

ఒకరోజు అడిగింది. "తాతయ్యా, నా సైజెంత?"

"పదమూడు, మహారాణీ."

"తర్వాత?"

"తర్వాతేముంది, ఒకటి. అప్పుడు తెలుస్తుంది నీకు తమాషా!" పెదాల మధ్య మేకులు పెట్టుకునే నవ్వాను.

పిచిక నవ్వలేదు. తన బూట్ల వంక చూసుకుంది. అర్థం కాలేదు కాబోలు అనుకుని నేను మడమ కొట్టడంలో పడిపోయాను.

ఆ తర్వాత పిల్ల బుద్ధిమంతురాలైపోయింది. బూట్లు తానే వేసుకుంటుంది, తానే విప్పుకుంటుంది, ఎవరినీ దగ్గరికి రానివ్వదు. మేజోళ్ళతోనే పడుకుంటోందని మా అమ్మాయి చెబితే, చలేమోలే అన్నాను. అన్నం కూడా సగంలో లేచిపోతోందంది. ఈ కాలం పిల్లలంతే అన్నాను. నడక మారింది. ఒక పక్కకి ఒరిగి, కాలు ఈడ్చినట్టు. "చూడు చూడు, బాతు పిల్ల!" అని వెక్కిరించాను. అరిగిన మడమ చూసి మనిషి ఏ కాలి మీద బరువు మోపుతాడో, ఏ మోకాలు నొప్పో చెప్పేవాణ్ణి, సొంత మనవరాలిని బాతన్నాను.

టీచరమ్మ ఒకసారి ఉండబట్టలేక అంది కూడా. "పాప నడక ఎలాగో ఉందండీ, బూట్లు బిగుతేమో చూడండి."

నాకు ఒళ్ళు మండింది. "బూట్ల సంగతి మీరు నాకు చెప్పాలా?" అన్నాను. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మూడో రోజు మధ్యాహ్నం పిచిక బడి నుంచి వచ్చి స్టూలు మీద కూర్చుంది. పాత లేసుల కట్ట తీయలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నుదురు మీద చెయ్యి వేస్తే పొయ్యి మీద పెనంలా ఉంది.

"బూట్లు విప్పి పడుకో అమ్మా," అని వంగాను.

"వద్దు!" అని అరిచింది. ఆ అరుపుకి వీధిలో పోయేవాళ్ళు ఆగిపోయారు. "వద్దు తాతయ్యా, విప్పితే పెరుగుతాయి!"

నాకేమీ అర్థం కాలేదు. కాళ్ళు తన్నుకుంటున్నా పట్టుకుని లేసు కోసేశాను. కుడి బూటు లాగాను. మేజోడు పాదానికి అతుక్కుపోయి ఉంది. నీళ్ళు పోసి, తడిపి, మెల్లగా ఒలిచాను.

వేళ్ళన్నీ లోపలికి ముడిచి, వాటి చుట్టూ దారం బిగించి ఉంది. నా దారమే. మైనం పట్టించిన దారం. ఏనుగు లాగినా తెగదని నేను గొప్పలు చెప్పుకునే దారం. అది చర్మంలోకి దిగిపోయింది. బొటనవేలు వాచి నల్లబడింది. గోరు పక్కన చీము. పాదం మీద నుంచి చీలమండ దాటి ఒక ఎర్రని గీత పైకి పోతోంది.

ఆ దారం కింద కత్తెర మొన మెల్లగా దూర్చాను. చర్మం ఎక్కడ తెగుతుందో అని భయం, దారం తెగకపోతే ఏమవుతుందో అని ఇంకా పెద్ద భయం. దారం తెగింది. ఎడమ బూటు లాగి చూస్తే అక్కడి దారం వదులై జారిపోయి ఉంది. పిచిక ఏడవలేదు. "పదమూడు దాటానా తాతయ్యా?" అని మాత్రం అడిగింది.

అప్పుడు అర్థమైంది నాకు.

పిల్లని భుజాన వేసుకుని పరిగెత్తాను. దుకాణం తలుపులు బార్లా తెరిచి ఉన్నాయని తర్వాతెప్పుడో గుర్తొచ్చింది. ఆసుపత్రి రెండు వీధుల అవతల. ఆ రెండు వీధులూ ఎంతకీ తెగలేదు. నా మెడ మీద పిచిక ఊపిరి వేడిగా తగులుతోంది. తగిలినంతసేపూ ఫరవాలేదు, తగిలినంతసేపూ ఫరవాలేదు అనుకుంటూ పరిగెత్తాను.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. వేలు చూసి, గీత చూసి, నన్ను చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

"తెలీదమ్మా."

"మీరేం చేస్తుంటారు?"

"బూట్లు కుడతాను."

ఆవిడ నా చేతుల వంక చూసింది. తిట్టినా బాగుండేది. సూది మందు ఎక్కించమని నర్సుకి చెప్పి నన్ను పక్కకి పిలిచింది. "రేపు ఉదయం దాకా చూద్దాం. వేలికి రక్తం తిరిగితే నిలుస్తుంది. తిరక్కపోతే తీసేయాలి. ఈ ఎర్రగీత ఇంకా పైకి పాకితే మాత్రం..." అని ఆగిపోయింది. ఆగిపోయిన మాట ఏమిటని అడిగే ధైర్యం నాకు లేదు.

గీత ఉన్నచోట కాలి మీద పెన్నుతో ఒక గుర్తు పెట్టింది. ఇక నా కళ్ళు ఆ గుర్తు మీదే.

మా అమ్మాయి డ్యూటీ చొక్కాతోనే వచ్చింది. బస్సుని దారి మధ్యలో వేరే డ్రైవరుకి అప్పగించి వచ్చిందట. పిల్ల మొహం చూసింది, కాలు చూసింది, బయట బెంచీ మీద నా పక్కన కూలబడింది.

"ఎవరు కట్టారు నాన్నా ఆ దారం?"

"తనే కట్టుకుంది."

"ఎందుకు?"

అబద్ధం ఆడదామనిపించింది. నిజంగానే. ఆటలో కట్టుకుందంటే సరిపోయేది. కానీ పిల్ల తేరుకుంటే ఎలాగూ చెబుతుంది. చెప్పాను. పదమూడు సంగతి, ఒకటి సంగతి, మేకులు నోట్లో పెట్టుకుని నవ్విన సంగతి. టీచరమ్మని కసిరిన సంగతి కూడా దాచలేదు. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"నాకూ చెప్పావు నాన్నా ఆ మాట," అంది, గోడ వంక చూస్తూ. "నాకు పదమూడో నంబరు కుట్టినప్పుడు. ఆ ఏడాదంతా భయపడి చచ్చాను. పడుకునే ముందు మంచం కోడుకి పాదం ఆనించి కొలుచుకునేదాన్ని. నీకు తెలుసా?"

తెలీదు. నా ఇంట్లో, నా కళ్ళెదుట, ముప్పై ఏళ్ళ కిందట జరిగింది. నాకు తెలీదు.

"నాకు దారం తట్టలేదు. అంతే తేడా," అంది.

తెల్లారింది. గీత గుర్తు దాటలేదు. కానీ వేలు అలాగే నల్లగా ఉంది. పదింటికి డాక్టరమ్మ వచ్చి కట్టు విప్పింది. బొటనవేలి కొసని గట్టిగా నొక్కి వదిలింది. తెల్లగా అయింది. ఆ తెలుపులోకి మెల్లగా, చాలా మెల్లగా, గులాబీ రంగు వచ్చింది.

"నిలిచిందండీ," అంది ఆవిడ.

నేను వరండాలో నేల మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను. వచ్చే పోయే నర్సులు నన్ను దాటుకుంటూ నడిచారు. సిగ్గనిపించలేదు.

సాయంత్రానికి పిచికకి జ్వరం దిగింది. వాళ్ళమ్మ టీ తేవడానికి వెళ్ళిన సందు చూసి నన్ను దగ్గరికి పిలిచింది.

"ఇప్పుడు నేను ఒకటో నంబరా?"

"అవునమ్మా."

"మరి సుఖం అయిపోయిందా?"

"అదంతా ఉత్తదే పిచికా. అబద్ధం చెప్పాను."

"అందరితోనూ చెప్పావుగా. అందరూ అవునన్నారుగా."

పిల్లలకి మన మాటలు మనకే అప్పజెప్పడం బాగా వచ్చు. "నవ్వుతారని చెప్పాను," అన్నాను. "నీ వయసులో నేనేం సుఖంగా లేను. మా అన్న పాత బూట్లు, ముందు గుడ్డ కుక్కి తొడిగేవారు. మా నాన్న అడుగుల చప్పుడు వినపడితే బల్ల కింద దూరేవాణ్ణి. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మమ్మకి కూడా."

పిచిక నా వంక తిరిగింది. "అయితే ఎప్పుడు సుఖంగా ఉన్నావ్?"

పెళ్ళి అందామా, దుకాణం పెట్టిన రోజు అందామా, వాళ్ళమ్మ పుట్టినప్పుడు అందామా అని వెతికాను. అన్నీ నిజాలే. కానీ మళ్ళీ ఒక ఉపన్యాసం చెప్పడానికి నోరు రాలేదు.

"ఇవాళ పొద్దున, పదింటికి," అన్నాను.

"ఏడ్చావట కదా! అమ్మ చెప్పింది."

"ఏడ్చాను. అంత సుఖం నాకెప్పుడూ తెలీదు."

"ఇప్పుడు నీ సైజెంత?"

"తొమ్మిది."

పిచిక దుప్పట్లోంచి చేతులు తీసి వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు... తొమ్మిది దగ్గర ఆగి, మిగిలిన ఒక్క వేలినీ చూసుకుంది. "చాలా ఉన్నాయే," అంది. నమ్మిందో లేదో తెలీదు. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

పుండు మానడానికి నెల పట్టింది. కట్టు విప్పేసిన రోజు పిచికని నా బల్ల ముందు నిలబెట్టి, కాగితం మీద పాదం పెట్టమన్నాను. పెట్టడానికి భయపడింది. కాలు ఎత్తింది, దించింది, మళ్ళీ ఎత్తింది. వాళ్ళమ్మ వెనక నుంచి భుజాలు పట్టుకుంది.

"కొత్త బూటు కరుస్తుందా తాతయ్యా?"

"నాలుగు రోజులు కరుస్తుంది. కరిచినప్పుడు దాచుకోకుండా అరవాలి. నేను వెంటనే చూస్తాను."

పాదం పెట్టింది. వణుకుతోంది. గీత వంకరటింకరగా వచ్చింది, అయినా చెరపలేదు. బొటనవేలి ముందు కొంచెం జాగా వదిలి అడ్డంగా ఇంకో గీత గీశాను.

"ఆ ఖాళీ ఎందుకు?"

"పెరగడానికి."

పిచిక పాదం తీసేసి, కాగితం ముందు గొంతుక్కూర్చుంది. ఆ ఖాళీలో చూపుడువేలు పెట్టి అటూ ఇటూ జరిపి చూసింది. మా అమ్మాయీ నేనూ చూస్తూ నిలబడ్డాం.

"ఇంకొంచెం వదులు తాతయ్యా," అంది.