పక్కన కూర్చున్న రెండో మనిషి

ఉయరాక్‌కి పదేళ్ళప్పుడు ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంటే ఏటా ఒక్కసారే ఆ ఉత్తరపు మంచుసీమకు వచ్చే వేసవి ఓడ అతన్ని దక్షిణాన ఆసుపత్రికి తీసుకుపోయింది. ఎనిమిదేళ్ళకు తిరిగొచ్చేసరికి తల్లి పోయి రెండు శీతకాలాలైంది. చివరి రోజుల్లో నీ పేరే కలవరించిందిరా అని అక్క కుబ్లు చెప్పింది. అతడు విననట్టే మంచుబండి లాగే కుక్కల పట్టెడలు సరిచేస్తూ కూర్చున్నాడు.

ఆ వసంతంలో సముద్రపు మంచు మీద తన మొదటి తెల్ల ఎలుగును కొట్టాడు. కుబ్లు భర్త, మిగతా మగవాళ్ళు కోరల సముద్రజంతువు వాల్రస్ వేటకు వెళ్ళారు. అక్కా తమ్ముళ్ళే దాని తోలు ఒలిచారు. కాలేయం బయటపడగానే కుబ్లు చెయ్యి చాపింది.

"ఇటియ్యి. మంచు పగులులో పడేసొస్తా. కుక్కలక్కూడా పెట్టకూడదు."

"ఆసుపత్రిలో వారం వారం కాలేయం పెట్టేవాళ్ళక్కా, రక్తం పడుతుందని."

"అది ఆవుదిరా! ఇది తిన్నోడికి మతి నిలవదు."

"నీకప్పుడే ముసలితనం వచ్చేసింది పో," అని నవ్వాడు.

ఇంతలో కుక్కలు తెంచుకున్నాయి. కుబ్లు వాటిని కట్టేసి వచ్చేసరికి కాలేయం సగం లేదు. ఉయరాక్ గడ్డం నిండా నెత్తురు.

"కమ్మగా ఉందక్కా. నీకూ ఓ ముక్క ఉంచా."

సాయంత్రానికి తలనొప్పి మొదలైంది. ఆపైన వాంతులు. కళ్ళ వెనక నుంచి ఎవరో బయటికి తోస్తున్నారని అరిచాడు. సీలు కొవ్వు దీపం వెలుగు కూడా ఓర్చుకోలేక అక్కను నోటికొచ్చినట్టు తిట్టాడు. తర్వాత మత్తులో పడిపోయాడు.

మూడో రోజు కళ్ళు తెరిచి కుబ్లును చూశాడు. ఆ తర్వాత ఆమెకు కాస్త ఎడమ పక్కగా చూశాడు.

"అమ్మెప్పుడొచ్చింది?"

పోయినవాళ్ళ పేరు ఓ పసిబిడ్డకు పెట్టేదాకా ఆ పేరు నిలువనీడ లేక తిరుగుతూనే ఉంటుందని వాళ్ళ నమ్మకం. తల్లి పేరు ఇంకా ఎవరికీ పెట్టలేదు. కుబ్లు తల తిప్పలేదు.

"ఎక్కడరా?"

"నీ పక్కనే. అచ్చం నీ మొహమే." మళ్ళీ అటే చూస్తూ, "ఓడ కదిలినప్పుడు ఒడ్డు మీద నిలబడి చెయ్యూపింది. నన్నొదిలేసిందన్న కోపంతో నేను మొహం తిప్పుకున్నా. అడుగక్కా, నా మీద కోపమా?"

ఎవరూ లేరని చెప్పబోయింది కుబ్లు. ఆమె నోట్లోంచి తల్లి గొంతు వచ్చింది.

"కోపమేంట్రా చిన్నోడా! నువ్వు తిరిగి చూడకపోయినా నీ ఎర్ర టోపీ కనపడుతూనే ఉంది. ఓడ చుక్కయ్యేదాకా దాన్నే చూశా."

ఉయరాక్ కళ్ళ వెంట నీళ్ళు కారాయి. "అవునమ్మా. ఓడెక్కాక ఇచ్చారు ఆ టోపీ. ఆసుపత్రిలో లాగేసుకున్నారు."

ఓడ వెళ్ళిన రోజు కుబ్లు ఒడ్డున లేదు. ఎక్కడో దూరంగా, అత్తవారి గుడారంలో ఉంది. ఆ టోపీ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

వారం తిరిగేసరికి ఉయరాక్ మొహం మీద, అరచేతుల మీద చర్మం పొరలు పొరలుగా ఊడిపోయింది. మంచు కరిగే వేళకు చూపు కుదుటపడింది. "ఇప్పుడు నువ్వొక్కదానివే కనిపిస్తున్నావక్కా," అని ఆ రోజంతా ఏడ్చాడు.

వేసవి ఓడలో వచ్చిన డాక్టరు అంతా విన్నాడు.

"ఆ కాలేయం నిండా ఎ విటమినే. కొంచెమైతే ఒంటికి మంచిది. అంత మోతాదులో తింటే పుర్రెలోపల ఒత్తిడి పెరిగి మెదడును నొక్కేస్తుంది. ఒకటి రెండుగా కనిపిస్తుంది. నువ్వు చూసింది మీ అక్కనేనయ్యా, రెండుసార్లు."

ఉయరాక్ తలూపాడు. కుబ్లు ఏదో అడగబోయి మానుకుంది. తమ్ముడు చూసినదానికి డాక్టరు దగ్గర జవాబుంది. తను అన్నదానికి ఆయన మాత్రం ఏం చెబుతాడు?

ఆ శీతకాలం కుబ్లుకి ఆడపిల్ల పుడితే తల్లి పేరే పెట్టారు. ఉయరాక్ ఆ పసిదాన్ని ఒళ్ళో వేసుకుని నోరారా "అమ్మా" అని పిలుస్తాడు. అతడికి తలనొప్పి ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది, పోతుంది.

కుబ్లు మాత్రం దీపం దగ్గర ఒంటరిగా తోలు కుట్టుకునేటప్పుడు తన ఎడమ పక్కకు తిరిగి చూడదు.