సొరనూనె పూసిన హార్మోనియం

అప్పాయమ్మ పోయిన రోజు నుంచి ఆమె మొగుడు కొర్లయ్య ఆమె తమ్ముడు సన్యాసిరావుతో మాట్లాడలేదు. మూడేళ్లు. ఊరి పెద్దమనుషులు ఇద్దర్నీ కలపబోయారు. కొర్లయ్య ఆ పెద్దమనుషులతో కూడా మాట్లాడ్డం మానేశాడు. మాట్లాడవలసిన వాళ్లు తగ్గినకొద్దీ పని బాగా సాగుతోందని గమనించాడు.

అతని పని పడవలు కుట్టడం. అచ్యుతాపురం దాటి సముద్రం వైపు పోతే వచ్చే పల్లె అతనిది. అక్కడి పడవకి మేకు ఉండదు. రెండు చెక్కల అంచులకీ బరమాతో కన్నాలు పొడిచి, మధ్యన గడ్డిచుట్ట పెట్టి, కొబ్బరినార తాడుతో బిగించి కుడతారు. కుట్టు మీద గుగ్గిలం పోసి, దాని మీద సొరచేప నూనె పూస్తారు. మేకు కొట్టిన పడవ కెరటానికి పగులుతుంది. కుట్టిన పడవ మూలుగుతుంది గాని పగలదు.

సన్యాసిరావుకి ఆ పని అబ్బలేదు. పాట అబ్బింది. అప్పాయమ్మ కాళ్ల కడియాలు అమ్మి తమ్ముడికి హార్మోనియం కొనిపెట్టింది. వాడు దాన్ని నెత్తిన పెట్టుకుని అనకాపల్లి వెళ్లి, అప్పలరాజు అనే బెల్లం వర్తకుడి నాటకం కంపెనీలో చేరాడు. అప్పాయమ్మ జ్వరంతో పడినప్పుడు కొర్లయ్య కబురు పంపాడు. ఆట ఒప్పుకున్నాను, ఆట అవగానే వస్తానన్నాడు తమ్ముడు. ఆట అయింది. వచ్చాడు. అప్పటికి మట్టి కప్పేశారు.

ఆ సన్యాసిరావు ఇప్పుడు హార్మోనియాన్ని గోనెసంచిలో చుట్టుకుని, ఎండలో, ఇసకలో నడిచి వచ్చాడు. వెంట కన్నబాబు మేష్టారున్నాడు. ఆయన అనకాపల్లిలో పిల్లలకి ఇంగ్లీషు చెబుతాడు, అప్పలరాజు కంపెనీలో రాజు వేషం కడతాడు. ఒంటరిగా వస్తే కొర్లయ్య తలెత్తడని సన్యాసిరావుకి తెలుసు.

"బావా, పెట్టె బండి మీంచి పడిపోనాది" అన్నాడు సన్యాసిరావు.

కొర్లయ్య మేష్టారి వైపు తిరిగాడు. "బాబూ, బావ అనొద్దని ఆడితో సెప్పండి."

మేష్టారు పక్కకి తిరిగి, "బావ అనొద్దట" అన్నాడు.

"ఇన్నానండి."

గోనె విప్పారు. పెట్టె రెండు మూలలూ విచ్చుకున్నాయి. తిత్తి ఆడిస్తే గాలి పాటలోకి పోకుండా పగుల్లోంచి పోతోంది. ముసలాడి ఆయాసంలా ఉంది ఆ చప్పుడు.

"శనివారం మధ్యాహ్నం రిహార్సలు. అప్పటికి ఇది పలక్కపోతే అప్పలరాజుగారు రాజమండ్రి నుంచి ఇంకో హార్మోనిస్టుని తెప్పిస్తారు. ఇతని కొలువు పోయినట్టే" అన్నాడు మేష్టారు.

"పోనీండి. కొలువులు పోతాయి, పెళ్లాలు పోతారు. ఏది ఆగింది గనక?"

అని, పని మీదకి వంగబోయిన వాడల్లా ఆగిపోయాడు. విచ్చుకున్న మూలల్లో మేకులున్నాయి. తుప్పు మేకులు. చెక్క వాటి చుట్టూ చీలి ఉంది.

"ఈ మేకులెవుడు కొట్టేడు?"

"అప్పలరాజుగారి గొడౌన్లో బళ్లు బాగుసేసేవోడు" అన్నాడు సన్యాసిరావు.

"నాను పెట్టెనడిగేను, ఆణ్ని అడగనేదు" అన్నాడు కొర్లయ్య.

పట్టకారు తెచ్చాడు. మేకులు ఊడదీయడం వేరు, బాగుచెయ్యడం వేరు, తాను ఊడదీస్తానంతేనని మేష్టారికి స్పష్టంగా చెప్పాడు. ఊడదీశాడు. ఊడిన చోట వేలితో తడిమాడు. లేచి వెళ్లి అన్నిట్లోకీ సన్న బరమా తెచ్చుకున్నాడు. లోపలి స్వరాల బల్ల జాగ్రత్తగా విప్పి పక్కన పెట్టమని ఆడికి చెప్పమన్నాడు. మేష్టారు చెప్పాడు. ఇద్దరి మధ్యా మూరెడు దూరం కూడా లేదు. మాట మాత్రం మేష్టారి మీదుగా ప్రయాణం చేసి వచ్చింది.

పని సాగుతోంది. మేష్టారికి తోచలేదు. తోచనప్పుడు ఆయనకి పాఠం చెప్పడం అలవాటు.

"కొర్లయ్యా, ఈ పెట్టె పేరుకి అర్థం తెలుసునా?"

"పెట్టెకి అర్థమేటి బాబూ. పెట్టె."

"హార్మనీ అన్న మాటలోంచి వచ్చిందయ్యా. నాలుగు స్వరాలు ఒక్కసారే పలికినా ఒకదాన్నొకటి పొడుచుకోకుండా ఉంటే దాన్ని ఇంగ్లీషు వాళ్లు హార్మనీ అంటారు. మనుషులు సఖ్యంగా ఉన్నా అదే మాట. మొన్న యుద్ధం చందాల సభలో దొర కూడా అన్నాడు, అందరూ హార్మనీతో ఉండాలని."

"అందరూనా? జపానోడు కూడానా?"

"వాడు కాదు."

"అదీ."

"అసలు విను. ఆ మాట ఇంగ్లీషు వాళ్ల సొంతం కాదు. పూర్వం గ్రీకులని ఉండేవారు. వాళ్లు దాన్ని పాటకి వాడక ముందు వడ్రంగానికి వాడేవారు. ఓడకి రెండు చెక్కలు చేర్చి బిగించిన అతుకు ఉంటుందే, అదీ హార్మోనియా అంటే. అతుకులోంచి పాటకొచ్చింది, పాటలోంచి మనుషులకొచ్చింది."

కొర్లయ్య బరమా ఆపాడు. ఆ రోజు మొత్తం మీద అతను ఆసక్తి చూపించిన మాట ఇదొక్కటే.

"మేకుల్తోనా, కుట్టా?"

మేష్టారు ఆలోచించాడు. "పుస్తకంలో అతుకు అని ఉంది. ఎలా అతికారో లేదు."

"ఓడ మునిగిపోతే తెలుత్తాది" అన్నాడు కొర్లయ్య. మళ్లీ బరమా తిప్పాడు. తిప్పుతూనే, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు. "మనుసులకి ఆ మాట వాడింది పనితెలిసినోడే బాబూ. రెండు సెక్కలు ఎప్పుడూ కలవవు. కలిసినట్టు కనపడతాయంతే. మజ్జిన గడ్డి ఉంటాది. అది ఉన్నన్నాళ్లూ నీరు రాదు."

సన్యాసిరావు స్వరాల బల్ల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "అప్ప ఉన్నన్నాళ్లూ నీరు రానేదు" అన్నాడు.

తాడు కన్నంలో సగం దూరి ఆగింది. కొర్లయ్య దాన్ని లాగి బిగించాడు.

"బాబూ, పనికాడ ఏడవొద్దని ఆడితో సెప్పండి. సెక్క తడిసిపోతే గుగ్గిలం పట్టదు."

మేష్టారు ఈ మాట చేరవెయ్యలేదు. దాహంగా ఉందని చెప్పి కొబ్బరిబొండాం కోసం పల్లెలోకి వెళ్లాడు.

ఇద్దరే మిగిలారు. కొర్లయ్య గుగ్గిలం పోశాడు. ఆరనిచ్చాడు. తర్వాత, ముప్పయ్యేళ్లుగా ప్రతి అతుకు మీదా పూస్తున్నట్టే, గుడ్డ సొరనూనెలో ముంచాడు. సన్యాసిరావు కంగారుగా నోరు తెరిచాడు. సొరనూనె కంపు వాడికి తెలియంది కాదు. బావా అనకూడదు. మేష్టారు లేడు. మాట పంపడానికి మనిషి లేడు. వాడు నోరు మూసుకున్నాడు. కొర్లయ్య పెట్టె నాలుగు వైపులా, అడుగునా, మూతకీ, పడవకి పూసినంత శ్రద్ధగా పూశాడు.

శనివారం కొర్లయ్య, యుద్ధంలో పెట్రోలు దొరక్క బొగ్గుతో నడుస్తున్న బస్సెక్కి అనకాపల్లి వెళ్లాడు. బెల్లం కొనడానికని పక్కింటి వాళ్లకి చెప్పాడు. అడక్కుండానే చెప్పాడు. బెల్లం కొనకుండా అప్పలరాజు గొడౌను గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

లోపల బెల్లం దిమ్మల మధ్య ఖాళీలో రిహార్సలు. సన్యాసిరావు తిత్తి ఆడించాడు. పెట్టె నిండుగా పలికింది. కన్నబాబు మేష్టారు నిండు సభలో రాజ్యం వదులుకునే రాజుగా పద్యం ఎత్తుకుని చివర రాగం తీశాడు. తీస్తూనే ఉన్నాడు. పాత పెట్టె అయితే ఈపాటికి గాలి చాలక చచ్చేది. ఇది కింద నుంచి పట్టి మోస్తోంది. కొర్లయ్య రాగం వినలేదు. అతుకులు విన్నాడు. ఎక్కడా కారడం లేదు.

ఎలకల కోసం పెంచుతున్న గొడౌను పిల్లులు మాత్రం దిమ్మల వెనక నుంచి ఒక్కొక్కటే వచ్చాయి. హార్మోనియం ముందు వరసగా కూర్చున్నాయి. ఒకటి లేచి పెట్టె మూల నాకింది.

అప్పలరాజు కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. "ఆపండెహె. రాజసభా ఇది, సేపల బజారా? దీనికి సొరనూనె పూసిందెవడ్రా?"

సన్యాసిరావు గుమ్మం వైపు చూశాడు. తర్వాత చూపు తిప్పుకున్నాడు.

"నానేనండి. తెలీక పూసేను."

"తెలీకా? బెస్తోడివి, నీకు సొరనూనె తెలీదా? ఇదట్టుకెళ్లి సంతలో కూకో. రాజమండ్రోడికి ఇప్పుడే తంతి కొట్టిస్తాను."

"ఆడు పూయనేదు" అన్నాడు కొర్లయ్య గుమ్మంలోంచి. "ఆడికి పూయడం రాదు. ఇంత సమంగా ఆడి వల్ల అవ్వదు. నాను పూసేను."

"నువ్వెవడివి?"

"అతుకులు సేసినోణ్ని. కంపు నెలకి పోతాది. అతుకు నాను పోయినా పోదు. రాజమండ్రోడి పెట్టెకి మేకులుంటాయి. ఈ బాబు అంత రాగం తీత్తే అది సగంలో ఆయాసపడతాది. తెప్పించుకోండి."

ఇంకో పిల్లి లేచి పెట్టె మూల నాకింది.

"రాగం ఎప్పుడూ ఇంత దూరం పోలేదండీ" అన్నాడు మేష్టారు మెల్లిగా. "పైగా రాజసభ అన్నాక సాంబ్రాణి పొగ ఉండనే ఉంటుంది కదా. కాస్త ఎక్కువ వేయిస్తే సరి."

అప్పలరాజు వ్యాపారి. జనం వన్స్‌మోర్ అరిచేది రాగానికని తెలుసు. సాంబ్రాణి ధర, రాజమండ్రివాడి బస ఖర్చు మనసులో పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. కండువా దింపాడు.

"పిల్లుల్ని కట్టేయించండి" అన్నాడు. తర్వాత కొర్లయ్యని చూసి, "ఇంతకీ నువ్వు ఇతనికేటవుతావు?" అని అడిగాడు.

సన్యాసిరావు తిత్తి మీద చెయ్యి తీయలేదు.

"ఏటీ అవ్వను" అన్నాడు కొర్లయ్య. "పెట్టె నా పెళ్లాం కొన్నది."

అని బయటికి నడిచాడు. మేష్టారు గుమ్మం దాకా పరుగెత్తుకొచ్చాడు. "సన్యాసిరావు ఆట చూసి వెళ్లమంటున్నాడయ్యా."

"ఆటలు నాను సూడను. ఏడాదికోపాలి నూనె పూయాలని ఆడితో సెప్పండి. నేకపోతే తాడు సీకిపోతాది."

మేష్టారు లోపలికి వెళ్లి, మళ్లీ వచ్చాడు. "ఎక్కడికి తేవాలి అంటున్నాడు."

కొర్లయ్య కండువా నెత్తికి చుట్టుకున్నాడు. చాలాసేపు చుట్టుకున్నాడు.

"నానెక్కడుంటానో ఆడికి తెల్దా?" అన్నాడు. "మిమ్మల్ని కూడా తీసుకురమ్మని సెప్పండి."

బస్సు దాకా ఒక పిల్లి అతని చేతుల్ని చూస్తూ వెనకే వచ్చింది. రెండుసార్లు అదిలించాడు. అది పోలేదు.